కాలరు చిరిగిన చొక్కా

మా తాతయ్య దేవసహాయం గారు చెయ్యెత్తితే బంగాళాఖాతం ఆగుతుంది. దించితే అల దిగుతుంది. తుపానులు కాకినాడ బయల్దేరే ముందు మా ఊరు గుండుగొలను ఫోన్ చేసి, "రావచ్చా అండీ" అని అడుగుతాయి. తల నెరిసే దాకా డ్రెడ్జర్ మీద పనిచేసిన మనిషి మరి.

డ్రెడ్జర్ అంటే రేవు బయట సముద్రం అడుగున పేరుకున్న ఒండ్రు తోడే ఓడ. దాని పక్కన తాటిచెట్టంత ఇనుప గొట్టం ఉంటుంది. అడుక్కి దించితే ఒండ్రు పీల్చుకుంటుంది. అల పెద్దదైతే ఓడ లేచి పడుతుంది, గొట్టం మూతి నేలకి గుద్దుకుంటుంది. అందుకని సముద్రం పొంగితే పని ఆపేసి, గొట్టాన్ని పైకి లాగి, డెక్ మీద గొలుసులతో బిగించాలి. తుపాను వెళ్ళాక చూస్తే తోడిన ఒండ్రంతా మళ్ళీ వచ్చి కూర్చునేదట. "అది రాబట్టే మాకు పని ఉండేది" అంటారు తాతయ్య. తుపానుక్కూడా దణ్ణం పెట్టే రకం.

ఆ పనిలో చేరేనాటికి ఆయనకి తెలిసిన నీళ్ళన్నీ కొల్లేరువే. కొల్లేట్లో గాలి ఉంటే అల ఉంటుంది. గాలి పడిపోతే నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు నిలబడతాయి. ఆయన సముద్రానికీ అదే లెక్క పెట్టారు.

చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం రేవు నుంచి వైర్లెస్‌లో పెద్ద అలలు వస్తాయని కబురొచ్చి కెప్టెన్ పని ఆపించారు. గొట్టం పైకి వచ్చింది. తాతయ్య ఒక గొలుసు బిగించి, రెండోది వదిలేసి, గొట్టం నీడలో కూర్చుని కారేజీ విప్పారు. అందులో నాన్నమ్మ దానమ్మ పంపిన కొరమీను పులుసు.

"రెండోది కూడా బిగించరా సహాయం" అన్నారు తోటి పనివాడు బాలస్వామి గారు.

"గాలేదిరా? జెండా చూడు, ఆరేసిన తువ్వాల్లా వేలాడుతోంది. తిని బిగిస్తాలే."

"ఇది మీ కొల్లేరు కాదు."

ఎక్కడో కంటికి ఆనని దూరంలో తుపాను కొడితే, గాలి అక్కడే ఉండిపోయినా అల మాత్రం ఇక్కడికి నడిచి వచ్చేస్తుంది. ఆ సంగతి తాతయ్యకి తెలియదు. నున్నగా, చప్పుడు లేకుండా వచ్చిన అల ఓడని ఒక పక్కకి ఎత్తింది. ఒంటి గొలుసు తెగింది. గొట్టం దొర్లింది. బాలస్వామి గారు తాతయ్య కాలరు పట్టుకుని ఈడ్చారు. కాలరు చిరిగి ఆయన చేతికొచ్చింది. కారేజీ అప్పడమైంది.

అప్పటికి మా నాన్న నాన్నమ్మ కడుపులో ఉన్నారు. ఆ కాలరు కుట్టు ఒక్క క్షణం ముందు ఊడి ఉంటే ఆయన తండ్రిని ఫొటోలోనే చూసేవారు.

ఏటా ఆ తేదీన మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడతాం. పాస్టరు గారి ప్రార్థన అయ్యాక తాతయ్య ఆ చొక్కా ఎత్తి చూపించి సాక్ష్యం చెబుతారు. బాలస్వామి గారు కాకినాడ నుంచి రైల్లో భీమడోలు వస్తే నేను బండి మీద తీసుకొస్తాను. నాన్నమ్మ మొదటి పులుసు ఆయనకే వడ్డిస్తుంది.

"చొక్కా చింపానని అప్పుడు నన్ను తిట్టారు కదమ్మా" అన్నారాయన పోయినేడు.

"కొత్త చొక్కా కదండీ మరి" అంది నాన్నమ్మ, ఇంకో ముక్క వేస్తూ.

ఆ రోజు నుంచి తాతయ్య రెండో గొలుసు బిగించకుండా ముద్ద ముట్టలేదు. ఇంట్లోనూ అంతే. గేటు గొళ్ళెం, గ్యాసు చూసొచ్చాకే కంచం ముందు కూర్చుంటారు. నా బండి సైడు స్టాండు మీద ఉంటే నాకు అన్నం పెట్టనివ్వరు. విసుక్కుంటూనే పెద్ద స్టాండు వేస్తాను. మా నాన్నకి తండ్రి మిగిలింది ఆ జాగ్రత్త తెలిసిన స్నేహితుడి వల్లే కదా.

కూడికలో చదువుదామని రాసిన ఈ కాగితం ముందుగా ఆయనకి వినిపించాను. కళ్ళు మూసుకుని చివరి దాకా విన్నారు.

"ఎలా ఉంది తాతయ్యా?"

"సముద్రం నా మాట ఎప్పుడు విందిరా బాబీ? బాలస్వామి మాట నేనే వినలేదు. ముందు ఆ ముక్క రాయి. అంతకన్నా ముందు వెళ్ళి బండికి పెద్ద స్టాండు వెయ్యి."