పాత బ్యాండు పాటలు వాయించనన్న మా తమ్ముడు

మా తమ్ముడు పేరున్న రాక్ బ్యాండును వదిలేసి, సొంతంగా ఒక గిటారు ఆల్బం చేశాడు. దాన్ని మా చుట్టాలే సరిగా వినలేదు. ఈ రోజు మధ్యాహ్నం తాండూరులో ఒక రిసెప్షన్‌లో వాయించమని పిలిస్తే, వికారాబాద్ నుంచి నేనూ వాడి వెంట వెళ్లాను.

స్టేజీ ఎక్కబోతుంటే పెళ్లికూతురి తండ్రి అడ్డం వచ్చాడు. "తమ్మీ, మీ పాత బ్యాండు పాటలే కొట్టు. అందరికీ గదే చెప్పిన."

"గా పాటలు వాళ్లకే ఇడిసిపెట్టి వచ్చిన సేటూ. నావైతే వాయిస్త, లేకుంటే పోత" అన్నాడు తమ్ముడు.

సేటు ముఖం ఎర్రబడింది. తమ్ముడు గిటారును మళ్లీ సంచిలో పెట్టేశాడు. హాలంతా మావైపే చూస్తోంది. ఇక్కడ గొడవైతే ఇక వీణ్ణి ఈ చుట్టుపక్కల ఎవరూ పిలవరని నాకు భయమేసింది.

అంతలో స్టేజీ మీద నుంచి పెళ్లికూతురే గట్టిగా అంది. "డాడీ, ఆయన ఆల్బం ఇనే నేను పిలిపించిన. నాకు అండ్ల మూడో పాట కావాలె."

తమ్ముడు ఆమెను నమ్మలేనట్టు చూశాడు. తర్వాత గిటారు తీసి, ఆ పాట మొత్తం వాయించాడు. సగం మంది భోజనాలకు లేచిపోయారు. ఆమె మాత్రం కదలకుండా విన్నది.

అయిపోయాక సేటు దగ్గరికొచ్చాడు. "మంచిగనే ఉంది తమ్మీ, గాని డ్యాన్స్‌కు రాదు."

చాలా నెలల తర్వాత మా వాడు పగలబడి నవ్వాడు.

ఆ ఆల్బం విన్నవాళ్లలో నేను కాక రెండో మనిషిని ఇవాళ కళ్లారా చూశాను. మూడో మనిషి మీలో ఎవరైనా ఉంటే చెప్పండి, వాడికి చూపిస్తాను.