జులైయా దారిలో ఆగిన కారవాన్

శుక్రవారం ఉదయం ఆరున్నరకు కువైట్‌లోని ఖైతాన్‌లో నా గదికి తాళం వేసి బయల్దేరాను. సెలవు రోజు కావడంతో వీధిలో రొట్టెల బట్టీ తప్ప ఏదీ తెరవలేదు. యాభై ఫిల్సులకు ఒక రొట్టె, వందకు చాయ్. బస్సులో పావు దీనారు, అంటే రెండు వందల యాభై ఫిల్సులు ఇచ్చి దజీజ్‌లో దిగాను. మా వర్క్‌షాపు అక్కడే ఉంది. కార్లకు వెనక కొక్కేలు బిగించడం, కారవాన్‌ల బ్రేకులు, ఇరుసులు బాగు చేయడం మా పని. మెకానికల్ డిప్లొమా చదివి అమలాపురం నుంచి వచ్చి నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నాను.

చలికాలం వచ్చిందంటే కువైటీ కుటుంబాలు వారాంతాల్లో ఎడారిలో గుడారాలు వేసుకుంటాయి. కొందరు కారవాన్ కొంటారు. అంటే చక్రాల మీది చిన్న ఇల్లు. లోపల మంచాలు, స్టవ్వు, సింకు ఉంటాయి, ఇంజను ఉండదు. కారు వెనక తగిలించి లాగాలి. లాగేది మాత్రం మనవాళ్లే. ఎప్పుడూ ట్రైలరు లాగని ఇంటి డ్రైవర్లకు ఒక ఉదయం తాళాలిచ్చి యల్లా, అంటే పద పద, అంటారు. అలాంటి డ్రైవర్లు నాకు తరచుగా ఫోన్లు చేస్తుంటారు. వాళ్ల కోసమే ఈ ఒక్క రోజు ప్రయాణం రాస్తున్నాను.

వర్క్‌షాపులో పనిముట్ల సంచి తీసుకుని టాక్సీలో ఒమరియాలోని ఒక కువైటీ ఇంటికి చేరేసరికి ఎనిమిది కావస్తోంది. ఆ ఇంటి కారవాన్ బ్రేకులు అంతకు ముందు వారమే మార్చాం. క్యాంపు దాకా వెంట వెళ్లి, అక్కడ దాన్ని నేల మీద సమంగా నిలబెట్టి, గ్యాసు, కరెంటు కలిపి రమ్మని మా మేనేజరు నన్ను పంపాడు.

గేటు దగ్గర ఆ ఇంటి డ్రైవరు రెడ్డెప్ప కారు తుడుస్తున్నాడు. రాయచోటి మనిషి, యాభై దగ్గర పడినవాడు. ఇక్కడ పనివాళ్లు ఇంటి యజమానిని బాబా అని, యజమానురాలిని మామా అని పిలుస్తారు.

"రాప్పా, నీ కోసమే చూస్తాండాం. బాబా ఇప్పటికే మూడు తూర్లు యల్లా అన్యాడు."

"బండి చూడకుండా ఎలా కదులుతావండీ?"

"చూడు, చూడు. నీ అండీలన్నీ బండికి చెప్పుకో. అదన్నా మర్యాదగా వస్తాదేమో."

కారవాన్‌ను ఇంకా కారుకు తగిలించలేదు. దాని ముక్కు పట్టుకుని ఎత్తి చూశాను. లేచింది. లేవకూడదు. కారవాన్ మొత్తం బరువులో పదో వంతు నుంచి పదిహేను శాతం దాకా ముందు కొక్కెం మీద ఆనాలి. దీనికైతే కనీసం నూట ఎనభై కిలోలు. ఒక మనిషి చేత్తో ఎత్తగలిగాడంటే బరువంతా ఇరుసు వెనక ఉందని అర్థం. అలాంటి బండి రోడ్డు మీద తోక ఊపుతుంది. ఒకసారి ఊపు పెరిగిందా, ముందున్న కారును కూడా తిప్పి పడేస్తుంది.

తలుపు తీస్తే కారణం కనిపించింది. జనరేటరు, నీళ్ల డబ్బాలు, బొగ్గు బస్తాలు, గిన్నెలు, అన్నీ వెనక చివరే. సర్దింది సుబ్బమ్మ. ఆ ఇంట్లో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్న పుల్లంపేట వైపు ఆవిడ.

"అక్కా, బరువులన్నీ వెనకెందుకు పెట్టారండీ?"

"తలుపు ఆడ ఉండాది కాబట్టి. దిగీ దిగకముందే మామాకు చాయ్ గావాల. చాయ్‌కి నీళ్లు గావాల, పొయ్యి గావాల. యాడో ముందర మూలకు పెడితే తిట్లు నీకా నాకా?"

ఆమె లెక్క ఆమెకుంది. ఏది ముందు అడుగుతారో అది తలుపు దగ్గర. నేను చూసిన పది కారవాన్‌లలో ఎనిమిది ఇలాగే సర్ది ఉంటాయి. సర్దిన మనిషిని తిట్టి లాభం లేదు. తలుపును బండి వెనక వైపు పెట్టినవాడిది, చాయ్ కోసం అరిచేవాళ్లది తప్పు. రెడ్డెప్పా నేనూ కలిసి జనరేటరును, బొగ్గును, సగం నీళ్లను ముందుకు మార్చాం. మిగతా సగం మారుస్తుంటే బాబా బయటికొచ్చి చేతి గడియారం చూపించాడు. అంతటితో ఖలాస్.

అసలు చిక్కు వేరే ఉంది. ఆ ఇంట్లో రెండు బళ్లున్నాయి. ఒకటి పొడవాటి, బరువైన పికప్. దాని కింద లారీకుండే లాంటి ఇనుప చట్రం ఉంది. ఈ కారవాన్‌ను లాగడానికి పుట్టినట్టుండే బండి. రెండోది ఏడుగురు కూర్చునే మెత్తటి కుటుంబ కారు. దాని డ్రైవరు తలుపు దగ్గర రేకు మీద లాగదగిన బరువు పదిహేను వందల కిలోలని రాసి ఉంది. సామానుతో కారవాన్ పద్దెనిమిది వందలు దాటుతుంది. పికప్‌కు కారవాన్ తగిలించమన్నాను. కానీ పికప్ పెద్దకొడుకుది. దాని వెనక, అతను ఇసుకలో సరదాగా నడిపే రెండు మోటారు బళ్లున్న చిన్న ట్రైలరు అప్పటికే తగిలించి ఉంది. కారవాన్ లాగుతూ వెళితే స్నేహితులు నవ్వుతారట. కాబట్టి పెద్ద బండి వెనక తేలికది, చిన్న బండి వెనక బరువైనది. బాబా నా భుజం తట్టి హిందీలో, "కుచ్ నహీ హోతా," అన్నాడు. ఏమీ కాదట.

ఇక చేయగలిగినవి చేశాను. టైర్లలో గాలి సరిచూశాను. రెండు గొలుసులను కొక్కెం కింద అడ్డంగా వేశాను. లైట్లు చూశాను. కారవాన్ ముక్కు దగ్గర ఒక చిన్న డబ్బా, అందులో ఒక పిన్ను, ఆ పిన్ను నుంచి కారు దాకా సన్నటి ఉక్కు తీగ ఉంటాయి. దారిలో కొక్కెం ఊడితే తీగ పిన్నును లాగేస్తుంది, కారవాన్ బ్రేకులు బ్యాటరీతో వాటంతట అవే పట్టేస్తాయి. అదీ పరీక్షించాను. రెడ్డెప్పకు రెండు మాటలు చెప్పాను. "ఎనభై దాటకండి. తోక ఊగితే కాలి బ్రేకు తొక్కకండి. యాక్సిలరేటరు వదిలేసి, మోకాలి దగ్గర బిగించిన ఈ చేతి మీట నొక్కండి. ఇది కారవాన్‌ను మాత్రమే ఆపుతుంది."

తొమ్మిదిన్నరకు కదిలాం. కారులో ముందు బాబా, వెనక మామా, ఆవిడ తల్లి, ముగ్గురు పిల్లలు. నన్ను వెనకొచ్చే పికప్‌లో, పెద్దకొడుకూ అతని స్నేహితుడూ కూర్చున్న సీట్ల వెనక వరసలో ఎక్కమన్నారు. సుబ్బమ్మ కారు వైపు వెళ్లడం చూశాను. ఎక్కిందనే అనుకున్నాను.

ఆరో రింగు రోడ్డు మీద నుంచి దక్షిణానికి తిరిగాం. మంగఫ్ దగ్గర కూలీల భవనాల బాల్కనీల్లో ఉతికిన యూనిఫాంలు ఆరేసి ఉన్నాయి. సెలవైనా ఒక కంపెనీ బస్సు నిండా మనుషులతో మమ్మల్ని దాటిపోయింది. ముందు కారు తొంభైకి వచ్చింది. బాబా తొందర పెడుతున్నాడని వేరే చెప్పనక్కర్లేదు. అహ్మదీ దాటాక ఒక నీళ్ల ట్యాంకరు వేగంగా పక్కనుంచి పోయింది. ఆ గాలికి కారవాన్ తోక ముందు ఎడమకు, తరవాత కుడికి, మళ్లీ ఎడమకు కొట్టుకుంది. రెడ్డెప్ప యాక్సిలరేటరు వదిలి మీట నొక్కినట్టున్నాడు, నాలుగో ఊపుకు సర్దుకుంది. ఆ కుదుపులోనే వెనక కిటికీకి ఉన్న పూల కర్టెన్ పక్కకు జరిగింది.

లోపల మంచం మీద సుబ్బమ్మ. ఒక చేత్తో కిటికీ అంచు పట్టుకుని ఉంది. రెండో చేతిలో ఫోను. నవ్వుతోంది. నన్ను చూసి కర్టెన్ లాగేసింది.

"లోపల మనిషి ఉంది! కారు ఆపమని ఫోన్ చెయ్యండి," అని ఇంగ్లీషులో అరిచాను.

పెద్దకొడుకు అద్దంలో నన్ను చూశాడు. "ఎప్పుడూ అందులోనే వస్తుంది. కారులో చోటెక్కడిది? ఆమెకు ఇష్టం కూడా."

నా పక్క సీటు ఖాళీగా ఉంది. అదే చూపించాను. మగపిల్లల బండిలో పనిమనిషిని ఎక్కిస్తే వాళ్లమ్మ ఒప్పుకోదన్నాడు. నేను అరుపు ఆపకపోయేసరికి విసుక్కుంటూ ఫోన్ చేశాడు. తరవాత వచ్చిన పెట్రోలు బంకులో రెండు బళ్లూ ఆగాయి.

నేను దిగి నేరుగా కారవాన్ ముక్కు దగ్గరికి వెళ్లి పిన్ను లాగి జేబులో వేసుకున్నాను. చక్రాలు బిగుసుకుపోయాయి. రెడ్డెప్ప పరిగెత్తుకొచ్చాడు.

"ఏంది నువ్వు చేసే పని? పిన్ను పెట్టు అబ్బయా. నా పని, నీ పని రెండూ ఒక్కతూరే ఖలాస్ చేస్తావా?"

"ఆవిడ దిగాక పెడతానండి."

బాబా మా మేనేజరుకు ఫోన్ చేసి నాకిచ్చాడు. మేనేజరు రెండే ముక్కలన్నాడు. పిన్ను ఇచ్చెయ్, లేకపోతే నీ ఇఖామా, అదే ఇక్కడ ఉండే పర్మిట్టు, సంగతి ఆదివారం మాట్లాడదాం. నేను ఫోన్ తిరిగిచ్చి అక్కడే నిలబడ్డాను.

కారవాన్ తలుపు తెరుచుకుంది. సుబ్బమ్మ ఫోనును కొంగు కింద పెట్టుకుని తల బయటికి పెట్టింది.

"నిన్నేమన్నా కాపాడమని నేనడిగినానా నాయనా?"

"అక్కా, లోపల సీటు లేదు, బెల్టు లేదు. ఇందాక ఊగిన ఊపు ఇంకొంచెం పెరిగుంటే స్టవ్వు, సిలిండరు, జనరేటరు అన్నీ మీ మీదే పడేవండి. కారవాన్ గోడలు రేకు, చెక్క. అట్టపెట్టెలా చితికిపోతుంది."

"చితికితే చితకనీ. నా బిడ్డ కడపలో హాస్టల్లో ఉండాది. ఆ పిల్ల క్లాసుకు శుక్రవారం అన్నం బెల్లు కొట్టినప్పుడే వార్డెనమ్మ ఫోనిస్తాది. ఆ ఇంట్లో పగలు ఫోను పట్టుకోనీరు, రేత్రి హాస్టలోళ్లు ఎత్తరు. నాకు తలుపేసుకునే చోటు ఈ డబ్బా ఒక్కటే. వారానికి ఈ ఒక్క గంట. అది గూడా నీ కండ్లల్లో పడిందా?"

పిన్ను మాత్రం జేబులోంచి తీయలేదు.

బాబా నన్ను వదిలేసి ఆమె మీద అరిచాడు. "ఇన్‌జిలీ! యల్లా!" ఆమె దిగింది. కొంగు కింద నుంచి "అమ్మా, అమ్మా, వినపడతాందా?" అని ఒక ఆడపిల్ల గొంతు. మామా కారు అద్దం దించి చెయ్యి చాచింది. సుబ్బమ్మ రెండు క్షణాలు చూసి ఫోన్ ఇచ్చేసింది. మామా ఆ గొంతును ఆపేసి ఫోనును హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. "పని వేళ ఫోన్ మమ్నూ, కూడదు," అని గట్టిగానే అంది.

సుబ్బమ్మ కారు చివరి వరసలో ఇద్దరు పిల్లల మధ్య ఇరుక్కుని, మూడోవాణ్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను పిన్ను పెట్టాను.

పదకొండున్నరకు జులైయా క్యాంపు చేరాం. మిగతా దారంతా ఎనభైలోపే నడిచింది, గాలి కూడా పడిపోయింది, కారవాన్ ఒక్కసారి కూడా ఊగలేదు. అదే నాకు ఎదురు తిరిగింది. బాబా దిగి కారవాన్ చుట్టూ తిరిగి, చేతులు చాపి, వెటకారంగా నన్ను ఇంజనీరును చేసి నవ్వాడు. "చూడు ముహందిస్. కారవాన్ బాగుంది, కారు బాగుంది, అందరూ బాగున్నారు. ఏదీ నీ ముష్కిలా, ఎక్కడ నీ ప్రమాదం?" పెద్దకొడుకూ అతని స్నేహితుడూ ఆ మాటను సాయంత్రం దాకా వాడుకోవడానికి దాచుకున్నట్టు నవ్వారు. ప్రమాదం జరిగితేనే నా చదువుకు రుజువు. జరగకపోతే నేను పిరికివాణ్ని.

చక్రాలకు దిమ్మలు పెట్టి, నాలుగు మూలలా జాకీలు దించి, గ్యాసు లీకు చూసి, జనరేటరు కలిపేసరికి ఒంటిగంట దాటింది. సుబ్బమ్మ నాకు పళ్లెంలో కోడి మచ్‌బూస్ అన్నం తెచ్చి బొగ్గు బస్తా మీద పెట్టింది. పక్కనే నిలబడింది.

"కోపంగా ఉందాండీ అక్కా?"

"కోపమేముండాది. బతికినాం కదా, అందుకే నీ మాట అబద్ధమయ్యింది. సచ్చుంటే నిజమయ్యేది." హాస్టలు నంబరు చెప్పింది. "నా బిడ్డ పేరు భవాని. అన్నం గూడా తినకుండా ఆ ఫోను కాడే కూచోనుంటాది. ఒక్క మాట చెప్పు. మీ అమ్మ బాగుండాదని చెప్పు సాలు."

మామా పిలిచింది. ఆమె వెళ్లిపోయింది.

రెండున్నరకు రెడ్డెప్ప ఐసు, బొగ్గు తేవడానికి ఫహాహీల్ వెళుతూ నన్ను ఎక్కించుకున్నాడు. వెనక కారవాన్ లేకపోవడంతో కారు తేలిగ్గా పోతోంది.

"రేపు తిరిగి వెళ్లేటప్పుడు సుబ్బమ్మగారు ఎక్కడ కూర్చుంటారండీ?" అనడిగాను.

"యాడ కూచుంటాది? డబ్బాలోనే. పిల్లోళ్లకు ఇరుకైందని మామా ఇప్పుడే చెప్పింది."

"మరి ఫోను?"

"ఫోను మామా దగ్గర్నే." పక్కకు తప్పుకుని ఒక లారీకి దారిచ్చాడు. "నిదానంగా వస్తాలే. డెబ్బై దాటను. బాబా యల్లా అన్యా సరే, ఇనపడనట్టే ఉంటా."

ఫహాహీల్‌లో ఖైతాన్ వైపు బస్సు దొరికింది. టికెట్టు మూడు వందల ఫిల్సులు. కిటికీ పక్కన కూర్చుని, ఇది చదివే డ్రైవర్లకు ఏం చెప్పాలా అని ఆలోచించాను. బండి తలుపు దగ్గర రేకు చదవండి. దాని మీద రాసిన బరువు దాటితే లాగనని చెప్పండి. పొట్టి బండి కంటే పొడుగు బండి, మెత్తటి బండి కంటే చట్రమున్న బండి మేలు. బరువు ముందుకు సర్దండి. గొలుసులు, పిన్ను, టైర్లు చూడండి. కదిలే ముందు కారవాన్ తలుపు తీసి లోపల మనుషులెవరూ లేరని చూసుకోండి. ఎవరైనా ఉంటే దించండి. ఇందులో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను. కానీ దించిన మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలో నేను చదివిన ఏ పుస్తకమూ చెప్పలేదు. ఆ జవాబు ఇంటి యజమానులు చెప్పాలి. వాళ్లు ఇలాంటివి చదవరు.

మంగఫ్ దగ్గర బస్సు ఆగినప్పుడు ఆ నంబరుకు ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం అయింది. వార్డెన్ నేనెవరో, ఎందుకు చేశానో రెండుసార్లు అడిగి, రెండు నిమిషాలే అని చెప్పి పిల్లను పిలిచింది.

"అన్నా, అమ్మకేమయింది? మాట్లాడతా మాట్లాడతా కట్ అయిపోయింది."

"అమ్మ బాగానే ఉందమ్మా. ఫోను పాడైంది, అంతే."

"రూములోనే ఉండాదా?"

"ఏ రూము?"

"అమ్మ రూము. మంచం, కిటికీ, పూల కర్టెన్ ఉంటాది కదా. మామావోళ్లు అమ్మకిచ్చినారంట. వీడియోలో సూపిస్తాది."

"ఆ, అక్కడే ఉంది."

"అన్నా, ఒకటి అడగాల. ఆ రూము యాల ఊగుతాంటాది? అడిగితే అమ్మ గాలి అంటాది."

ఎందుకు ఊగుతుందో నాకు పూర్తిగా తెలుసు. పొద్దున్నుంచి కనబడిన ప్రతి మనిషికీ అదే చెబుతూ వచ్చాను.

"గాలేనమ్మా," అన్నాను. "ఎడారి కదా, ఇక్కడ గాలి ఎక్కువ."