మల్లవ్వ రాజు ముందు నడిసిండు

ఊరందరికి తెలియజేసేది ఏందంటే, ఇయ్యాల మన కొడకండ్లల ఒక రాజు సొంత కాళ్లతోని ముందు నడిసిండు.

దొర పట్నం పారిపోయినంక ఆయన చదరంగం బల్ల, ఏనుగు దంతం పావులు నాకు దొరికినయ్. ఆయన గడిల వెట్టి చేసిన మల్లవ్వకు ఆట నేర్పుత అని కూసోవెట్టిన. "నేను ఓడితే నా పుంజు నీదే" అన్న. ఓడుడు నా లెక్కలనే లేదు.

బంటు ఒక్కో అడుగు ముందుకే పోతడు, ఆఖరి వరుస చేరితే మంత్రి అయితడు అని చెప్పిన.

"మరి రాజో?" అన్నది అవ్వ.

"ఎన్కల దాక్కుంటడు. ఆయన కోసం అందరు సస్తరు."

"ఇగ గది నడువది బిడ్డా. నా రాజు ముందుగాల నడుస్తడు."

నేను పడి పడి నవ్విన. పావులు శానా సచ్చినంక అవ్వ రాజు ముందు నడిసి, మిగిలిన ఒక్క బంటుకు తొవ్వ చేసిండు. ఆ బంటు మంత్రయి నా రాజును మూలకు వెట్టి ఆట కట్టేసిండు.

రాజును గిట్ల నడిపిస్తే చెల్లుతదా? తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

దొర బల్ల, ఏనుగు దంతం మాట నేను కల్పించిన. బండ మీద బొగ్గు గీతలు, చింతగింజలు, గచ్చకాయలు, గంతే. నవ్విన అన్నది గూడ అబద్ధమే, సగం ఆట కాడికే చెమటలు వట్టినయ్. పుంజు మాత్రం నిజంగనే మల్లవ్వ సంకల వోయింది.