మొదటి షిఫ్టు బాటలో తీతువు కూత

గోదావరిఖనిలో ఆ వరుస క్వార్టర్లకంతా మల్లక్క చెవులంటే హడలు. తీతువు పిట్ట కూత ఎవరికన్నా ముందు ఆమెకే వినబడేది. వినబడిందా, ఇక అంతే. మొగుడు గట్టయ్య నెత్తిన టోపీ పెట్టుకుని, బూట్లు తొడుక్కుని గడప దాటినా సరే, వెనక్కి పిలిచి కూర్చోబెట్టేది. ఆమె అన్న సదయ్య ఆఖరుసారి బొగ్గుబాయి దిగిన పొద్దున ఆ పిట్టే ఇంటి మీదుగా అరుచుకుంటూ పోయింది. ఆ పూటే పైకప్పు కూలి, అతను మళ్లీ పైకి రాలేదు. ఇక ఆమెకు నచ్చజెప్పడం ఎవరి తరమవుతుంది, చెప్పండి? ఆ వరుసలో మిగతావాళ్లకూ ఆ పిట్టంటే భయమే గాని, మల్లక్కంత కాదు.

గట్టయ్య మళ్లీ లోపలికి వచ్చేవాడు. బూట్లు విప్పి మూల పెట్టేవాడు. అట్లా నాగాలు పడీ పడీ, చివరికి ఆఫీసుకు మొగుడూ పెళ్లాలిద్దరినీ పిలిపించారు. ఇంకొక్క నాగా పడితే నౌకరీ ఉండదని ముఖం మీదే చెప్పేశారు. మల్లక్కకు ఆ రోజు ముద్ద దిగలేదు. నౌకరీ పోతే బతుకెట్లా? పిట్ట కూస్తే పంపేదెట్లా?

ప్రత్యేక రాష్ట్రం కోసం కొట్లాట ఊరూరా రాజుకుంటున్న రోజులవి. సరిగ్గా అప్పుడే జ్యోతినగర్ నుంచి స్కూటీ మీద కృష్ణప్రియ వచ్చి దిగింది. ఆంధ్ర నుంచి వచ్చి కరెంటు ప్లాంటులో ఇంజనీరుగా ఉన్న పట్టాభిరామయ్యగారి అమ్మాయి. హైదరాబాదులో పిట్టల కూతల మీద పరిశోధన చేస్తోంది. క్వార్టర్ల వెనక మట్టిదిబ్బ పక్కన, కంకర నేలలో తీతువు పిల్లల్ని చేసిందట. పొద్దున్నే వచ్చి రికార్డు చేసుకోవాలట. తోడు ఎవరైనా ఉంటే బాగుంటుందట. అడగక అడగక ఎవరిని అడిగిందనుకున్నారు? మల్లక్కనే. ఇంకొకరైతే తలుపు ముఖం మీద వేసేవాళ్లు. మల్లక్క వెయ్యలేదు. తనను ఇంత ఏడిపించిన పిట్ట ఇంటి వెనకే కాపురం పెట్టిందని తెలిశాక, అసలు ఆ ముదనష్టపుది ఎందుకరుస్తుందో తేల్చుకోవాలని పంతం పుట్టింది.

అప్పుడు గట్టయ్యది రెండో షిఫ్టు, పొద్దున ఇంటిపట్టునే ఉండేవాడు. మొదటి పొద్దునే ఒక కుక్క అటుగా వచ్చింది. తీతువు లేచి గుక్క తిప్పుకోకుండా అరిచింది. కృష్ణప్రియ ల్యాప్‌టాప్‌లో ఆ అరుపు బొమ్మ చూపించింది. దడికి నాటిన పుల్లల్లా దగ్గరదగ్గరగా గీతలు. గద్ద తిరిగినప్పటి అరుపు చూస్తే గీతలు వేరేగా పడ్డాయి. కుక్కకొక కూత, గద్దకొక కూత ఉన్నాయా, లేక దాని భయాన్ని బట్టి అరుపు మారుతోందా, అదే తను తేల్చాలని చెప్పింది. మల్లక్కకు ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్లూ తన ఇంటి మీద ఏడుస్తోందనుకున్న పిట్ట కుక్కను తిడుతోందా! ఆ రోజు అంట్లు తోముతూ కూడా కుక్క కూత, గద్ద కూత అని నోటితో తీసి చూసుకుంది. గట్టయ్య నవ్వితే కసిరింది.

కొన్నాళ్లకు, గట్టయ్య మొదటి షిఫ్టుకు మారిన రోజే, అసలు పరీక్ష వచ్చింది. రికార్డు చేసిన కూతను స్పీకరులో వినిపిస్తే పిల్లలు ఏం చేస్తాయో చూడాలి. కృష్ణప్రియ కెమెరా పట్టుకుని దూరంగా కూర్చుంది. మల్లక్క స్పీకరు పట్టుకుని తుమ్మచెట్టు చాటున నక్కింది. ఆ అమ్మాయి చెయ్యి ఊపగానే మీట నొక్కింది. అటూ ఇటూ ఉరుకుతున్న పిల్లలు ఎక్కడివక్కడ నేలకు అతుక్కుపోయాయి. కంకర ఏదో పిల్ల ఏదో తెలియకుండా పోయింది. మల్లక్క సంబరం చూడాలి! ఆగలేక ఇంకోసారి నొక్కింది. అదీ చాలక చప్పుడు పెంచి మళ్లీ నొక్కింది. కృష్ణప్రియ వద్దు వద్దని రెండు చేతులూ ఊపుతున్నా ఆమె కంటికి ఆనలేదు.

ఆ తుమ్మచెట్ల అవతలే బాయికి పోయే బాట. మొదటి షిఫ్టువాళ్లు గుంపుగా నడిచే వేళ అది. ఆ సంగతి ఆ వరుసలో పసిపిల్లలకు కూడా తెలుసు, మల్లక్క ఒక్కతే మరిచింది. తలెత్తి చూసేసరికి బాట మీద మనుషులు ఆగిపోయి ఉన్నారు. పక్కింటి నర్సింగం ఆకాశానికో దండం పెట్టి ఇంటిదారి పట్టాడు. అతని వెనక ఇంకొందరు మళ్లారు. వాళ్లలో టిఫిను డబ్బా పట్టుకుని గట్టయ్య!

మల్లక్క స్పీకరు చంకన పెట్టుకుని, చెప్పులు అక్కడే వదిలేసి ఒకటే పరుగు. ముళ్లు గుచ్చుకున్నాయో లేదో ఆమెకే తెలియదు. పోయి బాటకు అడ్డంగా నిలబడింది.

“ఆగుండ్రి. కూసింది పిట్ట గాదు, నేను. ఇగో, ఈ డబ్బలకెల్లి.”

నమ్ముతారో లేదోనని అందరి ముందూ మీట నొక్కి చూపించింది. అక్కడే తప్పులో కాలేసింది. ఆ కూతకు, మేత నుంచి అప్పుడే దిబ్బ మీదికి తిరిగొచ్చిన ఆడా మగా తీతువులు రెండూ నిజంగానే లేచి, అరుచుకుంటూ నేరుగా వాళ్ల నెత్తి మీదికే వచ్చేశాయి. నర్సింగం గట్టిగా కళ్లు మూసుకున్నాడు. గట్టయ్య మాత్రం పైకి చూడలేదు. పెళ్లాం ముఖం వైపే చూస్తూ నిలబడ్డాడు.

మల్లక్కకు సదయ్య కళ్లలో మెదిలాడు. పోవద్దని మొగుడి చెయ్యి పట్టుకోవాలని ప్రాణం కొట్టుకుంది. కాని ఆ అరుపు ఏమిటో ఇప్పుడు ఆమెకు తెలుసు.

“అది మనల్ని జూసే అరుస్తున్నది. పిల్లలున్నయి దానికి, గందుకు,” అంది. “నువ్వు పో. జల్ది పో, షిఫ్టు టైమైతున్నది.”

గట్టయ్య వెనుదిరిగి బాయి వైపు నడిచాడు. అతన్ని చూసి తక్కినవాళ్లూ నడిచారు, నర్సింగం అందరికన్నా వెనక.

కృష్ణప్రియ వచ్చి, ఒక్కసారి వినిపించమంటే అన్నిసార్లా అని చీవాట్లు పెట్టింది. పెట్టి, పిల్లలు అతుక్కుపోవడం కెమెరాలో ఎంత బాగా పడిందో చూడమని తనే గంతులేసింది. మల్లక్కకు సంబరమూ ఆగడం లేదు, భయమూ ఆగడం లేదు. ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. షిఫ్టు దిగే వేళకు ముందే పోయి బాయి గేటు దగ్గర నిలబడింది. వచ్చే నల్లటి ముఖాల్లో ఒక్కొక్క ముఖమే వెతికింది. గట్టయ్య కనబడగానే, పదిమందిలో ఉన్నానన్న సంగతి కూడా మరిచి అతని చెయ్యి పట్టేసుకుంది.

పట్టుకుని ఇక ఆగలేదు. పిల్లలు ఎట్లా నేలకతుక్కున్నాయో, కుక్కను చూస్తే ఎట్లా అరుస్తుందో, గద్దను చూస్తే ఎట్లా అరుస్తుందో అన్నీ ఏకరువు పెట్టింది. ఇక ఆ పిట్టకు భయపడొద్దని అతనికే ధైర్యం చెప్పింది. గట్టయ్య అంతా విన్నాడు.

“నాకు పిట్టంటే ఎన్నడు భయం లేకుండెనే,” అన్నాడు. “నేను బాయిల ఉంటే దినమంత నువ్వు ఏడ్సుకుంట కూసుంటవని మళ్లెటోన్ని. ఇయ్యాల నువ్వే పొమ్మన్నవు, పోయిన.”

మల్లక్క ఆ గేటు ముందే, అందరూ చూస్తుండగానే, భోరున ఏడ్చేసింది.