వెనక చక్రం కింద ఆయిలు

మా ఆయన సవేలీ ముప్పై ఏళ్ళు పాలకేంద్రంలో యంత్రాలు చూశాడు. రిటైరయ్యాక కూడా చేతుల జిడ్డు వదల్లేదు. నిత్సా నది ఒడ్డున మా ఊళ్ళో ఎవరి బండి మొరాయించినా మా వాకిట్లోకే తోసుకొచ్చేవాళ్ళు. బండి అంటే మా దగ్గర ఒకటే రకం, పక్కన తొట్టి ఉన్న బరువైన మోటారుసైకిలు. దానికి గొలుసు ఉండదు. ఇంజను నుంచి వెనక చక్రం దాకా ఇనప షాఫ్టు తిరుగుతుంది. చక్రం పక్కన చిన్న గేరు పెట్టె, అందులో టీ గ్లాసుడు కూడా ఉండని ఆయిలు. బంగాళాదుంపలు, గడ్డి, దూడ, పెళ్ళికూతురు అన్నీ ఆ తొట్టిలోనే వెళతాయి. "నా చెయ్యి పడ్డ బండి మళ్ళీ నా వాకిలి తొక్కదు" అనేవాడు సవేలీ. మొగుడని వెనకేసుకు రావడం కాదు గానీ, చాలావరకు నిజమే.

ఈ ఏడాది ఈస్టరు వెళ్ళగానే అతని సొంత బండే అతని పరువు తీసింది. వెనక చక్రం కింద ఆయిలు మడుగు కట్టింది. చక్రం ఊడదీసి, గేరు పెట్టె దించి, రబ్బరు సీలు మార్చాడు. మర్నాటికి మళ్ళీ మడుగు.

"ఊరందరి బండ్లకీ వైద్యం చేస్తావు, ఇంట్లో రోగిని మాత్రం పట్టించుకోవు" అన్నాను.

"నోరు ముయ్యవే తాయా. సీలు నాసిరకం. ఆ ఉన్ని బూటు ఇటు పడెయ్."

"నా బూటు! చలికాలం కాళ్ళకి ఏం తొడుక్కోను, నీ తలకాయా?"

వింటాడా! నా బూటు పైభాగం గుండ్రంగా కోసి, ఉన్ని సీలు చేసి బిగించాడు. అదీ కారింది. అతనికి పిచ్చెక్కిపోయింది. వచ్చే మంగళవారం పెద్దల రోజు. ఊరంతా సమాధుల దగ్గరికి వెళ్ళి, అక్కడే బల్లలేసుకుని తిని, పోయినవాళ్ళని తలుచుకునే రోజు. మా శ్మశానం ఏటికి అవతల ఉంది. బండ్లని ఏరు దాటించే పంటు ఎక్కాలంటే నిట్టనిలువు రేవు దిగాలి. నమ్మకం లేని బండితో ఆ రేవు దిగడమంటే ఏమిటో మా ఇంట్లో వేరే చెప్పక్కర్లేదు.

ఆరేళ్ళ కిందట ఆ రేవులోనే సవేలీ తమ్ముడు ఎఫీమ్ పోయాడు. ఆ పొద్దున అతనికీ, అతని భార్య క్లావాకీ కోళ్ళగూడు కప్పు విషయంలో గొడవైంది. "బాగుచేస్తా బాగుచేస్తా అని ఏడాదైంది! పో, పోయి ఏట్లో దూకు!" అని క్లావా కేక వేసింది. వీధి వీధంతా విన్నది. అరగంటకి ఎఫీమ్ బండి రేవు దిగుతూ ఆగలేదు. పంటు గొలుసు తెంచుకుని నేరుగా నీళ్ళలోకి పోయింది. మే నెల నీళ్ళు, పైన ఇంకా మంచు పెళ్ళలు తేలుతున్నాయి. చుక్క తాగి ఉంటే తాగాడనుకునేవాళ్ళం. తాగలేదు. ఇక కావాలనే పోయాడని ఊరంతా అనుకుంది.

అంత్యక్రియల భోజనం దగ్గర ఇరవై మంది ముందు సవేలీ లేచి నిలబడ్డాడు. "నీ నోరే నా తమ్ముణ్ణి మింగింది క్లావా" అన్నాడు. ఆమె తల ఎత్తలేదు. తనూ అదే అనుకుంటోంది. ఆనాటి నుంచి సవేలీ ఆమెతో మాట్లాడలేదు. మా తోడికోడలు ఇల్లు రెండు గుమ్మాల అవతలే. ఊరగాయ పుట్టగొడుగులు ఇవ్వడానికి కూడా నేను దొంగలా పెరటిదారిన వెళ్ళి వచ్చేదాన్ని.

శనివారం మధ్యాహ్నం సవేలీ బండిని అడవి దాకా తోలి, ముట్టుకుంటే కాలేంత వేడెక్కిన చక్రంతో వాకిట్లోకి వచ్చాడు. పడుకుని గేరు పెట్టెని కిరసనాయిలు గుడ్డతో తుడుస్తున్నాడు. తుడుస్తూ తుడుస్తూ ఒకచోట వేలు ఆపాడు.

"తాయా, నీ దబ్బనం పట్రా."

ఇచ్చాను. పెట్టె పైన ఒకచోట పొడిచాడు. ఉస్సుమని గాలి బయటికి తన్నింది. పాము బుసకొట్టినట్టు వినబడి నేను వెనక్కి గెంతాను.

ఆ పెట్టెకి గాలి బెజ్జం ఒకటి ఉంటుందట. పెట్టె వేడెక్కితే లోపలి గాలి అందులోంచి పోవాలి. అది మూసుకుపోతే ఆ గాలే ఆయిలుని సీలు దాటించి బయటికి తోస్తుంది. దబ్బనం మొనకి నీలం రంగు పొర అంటుకుంది. ఆ రంగు నాకు తెలీకపోవడమేమిటి! పెద్దల రోజు ముందు సమాధుల కంచెలకి ఊరంతా వేసే రంగే అది. మిగిలిన రంగు పారబోయడం మా ఇళ్ళల్లో లేదు. గేటుకి, బెంచీకి, బకెట్టుకి పూసి, చివర్న బండికి పూస్తాం. ఏటేటా పొర మీద పొర.

నాకు నవ్వొచ్చింది. "ఇంత పెద్ద మెకానిక్కువి, బెజ్జానికి రంగు పూసుకుని సీలుని తిట్టావా! నా బూటు నాకు తెచ్చిపెట్టు!"

అతను నవ్వలేదు. నేల మీదే కూర్చుండిపోయాడు.

"ఈ ఆయిలు ముందు ఎక్కడికి పోతుందో తెలుసా?"

"కిందకి."

"కిందపడేది మిగిలినది. మొదట వెనక బ్రేకు డ్రమ్ములోకి పోతుంది." చేతిలో గుడ్డ పక్కన పడేశాడు. "ఎఫీమ్ పోయిన ఏడు వాడి బండికి కూడా రంగు నేనే వేశానే."

ముందు చక్రానికి బ్రేకు మా ఊళ్ళో ఎవరూ ఉంచుకోరు, కేబులు తెగితే పీకి పారేస్తారు. ఉన్నది వెనక బ్రేకొక్కటే. ఇంకో మాట కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఆ రోజు డబ్బాలో రంగు మిగిలితే, "పారబోస్తావేం, మీ తమ్ముడి బండికి పూసెయ్" అన్నది నేనే.

ఇద్దరం క్లావా ఇంటికి నడిచాం. ఆమె ఉల్లినారు నాటుతోంది. సవేలీని చూసి నడుం నిలబెట్టింది.

"బావగారే! దారి తప్పారా?"

"ఎఫీమ్ బండి ఎక్కడుంది?"

"షెడ్డులో. ఏం, నన్ను తిట్టింది చాలక దాన్ని కూడా తిడతారా?"

పంటువాళ్ళు ఏట్లోంచి లాగి తెచ్చి పడేసిన చోటే ఉంది ఆ బండి. ఆరేళ్ళలో ఎవరూ ముట్టుకోలేదు. కోళ్ళు దానిమీద పడుకుంటున్నాయి. సవేలీ ఇంటినుంచి రెంచీలు తెచ్చుకున్నాడు. మొదట గేరు పెట్టె గీకాడు. నీలం రంగు, బెజ్జం కనబడలేదు. చక్రం ఊడదీశాడు. డ్రమ్ము లోపల చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు షూలు నల్లగా నిగనిగలాడుతున్నాయి, ఆయిలు వాటిమీద బంకలా గట్టిపడిపోయింది. సవేలీ ఒక షూ చేతిలో పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"బ్రేకు పట్టలేదు క్లావా. నేను వేసిన రంగు వల్ల. నీ మాట వల్ల కాదు. నా వల్ల."

తిడుతుందనుకున్నాను. కొడుతుందేమోనని కూడా అనుకున్నాను, కొడితే అడ్డం వెళ్ళకూడదని నిశ్చయించుకున్నాను. ఆమె రెండూ చెయ్యలేదు. ఒక్క మాట అడిగింది.

"ఆయన బ్రేకు తొక్కాడా?"

సవేలీ వంగి, బండికీ తొట్టికీ మధ్య చెయ్యి పెట్టి, బూజు తుడిచాడు. బ్రేకు పెడలు కిందికి వంగిపోయి ఉంది. అటు ఇంజను, ఇటు తొట్టి, ఏ రాయీ తగిలే చోటు కాదది.

"కూర్చుని తొక్కితే ఈ ఇనుము వంగదమ్మా" అన్నాడు. "లేచి నిలబడి, ఒళ్ళంతా బరువేసి తొక్కాడు."

క్లావా మట్టిచేతులతోనే పెడలు పట్టుకుంది.

"అక్కా, ఆయన ఆగాలనే చూశాడు" అంది నాతో. ఆ మాట రెండుసార్లు అంది. ఆ తర్వాత ఏడ్చింది. అంత్యక్రియల రోజున కూడా ఆమె అలా ఏడవడం నేను చూడలేదు. నేనూ ఆగలేకపోయాను.

కళ్ళు తుడుచుకుని సవేలీ వైపు తిరిగింది. "మంగళవారం అందరూ బల్లల దగ్గర కూర్చుంటారు. నన్ను ఇరవై మంది ముందు అన్నారు. ఇది కూడా ఆ ఇరవై మంది ముందే చెప్పాలి బావగారూ."

"చెబుతాను."

"రంగు సంగతితో సహా."

"అంతా చెబుతాను."

ఇక ఏం చెయ్యాలో అతనికి తోచలేదు. ముప్పై ఏళ్ళ అలవాటు కదా, చేతులు వాటంతటవే సంచీలోకి వెళ్ళి సుత్తి తీశాయి. వంగిన పెడలు తిన్నగా చెయ్యడానికి కింద రాయి కూడా ఆనించాడు. క్లావా అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"వద్దు. దీన్ని బాగుచెయ్యకండి."