తగ్గని డోలక్

నేను బడికి వెళ్ళని పిల్లను. చిన్నప్పుడు ఉబ్బసం. నాంపల్లిలో మా రెండు గదుల వాటాలోనే నాన్న నాకు చదువు చెప్పారు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరి తెచ్చేవారు. ఆ వారానికి అవే నా పాఠాలు. తాళం మాత్రం పక్కవాటా బాబాయి దగ్గర నేర్చుకున్నాను.

వరసకు బాబాయి కాదు. మా తాతగారు ఉద్యోగానికని కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. బాబాయిది తరతరాలుగా ఈ ఊరే. పగలు అబిడ్స్‌లో గుమాస్తా పని, శనివారం సాయంత్రం మా వీధి భజన మందిరంలో డోలక్. ఆయాసంతో నేను పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చున్న రోజుల్లో, బిస్కట్ల డబ్బా బోర్లించి వేళ్ళతో వాయిస్తూ, "నా చెయ్యి చూడు బిడ్డా, ఊపిరి సంగతి ఇడిసిపెట్టు" అనేవారు. చూస్తూ ఉంటే ఊపిరి కుదుటపడేది. ఇంటి గడప దాటకుండానే ఇద్దరు గురువులను ఇచ్చినందుకు ఇప్పటికీ రోజూ దీపం పెట్టేటప్పుడు స్వామికి దణ్ణం పెట్టుకుంటాను.

బాబాయి ఎక్కువసార్లు చెప్పిన మాట ఒకటుంది. "గట్టిగ ఎవడన్న కొడ్తడు. పాట పైకి లేసినప్పుడు నువ్వు కిందికి పోవాలె. గది చేతికొస్తే డోలక్ వచ్చినట్టు."

పెద్దయ్యాక భజనలు రికార్డు చేసి సరిచేసే పని నాకు పట్టుబడింది. కొన్నేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, బాబాయి డోలక్‌ను దెబ్బ దెబ్బగా రికార్డు చేసుకున్నాను. వేలికొసతో తాకిన చప్పుడు నుంచి అరచేయంతా ఆనించి కొట్టిన మోత దాకా అన్నీ. చెమటలు తుడుచుకుంటూ పిన్ని గుమ్మంలో నిలబడి, "ఫోటో దిగినట్టు ఒక్కొక్క దెబ్బకు ఆగుడేందో" అని నవ్వింది. ఆ దెబ్బలన్నీ నా ల్యాప్‌టాప్‌లో భద్రంగా ఉండిపోయాయి.

పోయిన ఏడాది బాబాయికి పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. కొన్ని నెలలకు వేళ్ళు కొంచెం కదిలాయి. వాటిని ఆడిస్తూనే ఉండాలని డాక్టరు చెప్పారు. రబ్బరు బంతి ఇచ్చారు. డోలక్ తోలు మాత్రం ఆ చేతికి పలకడం లేదు. అందుకని కోఠిలో, వేళ్ళతో తట్టి వాయించే ఒక ఎలక్ట్రానిక్ ప్యాడ్ కొన్నాను. దాన్ని ల్యాప్‌టాప్‌కు కలిపితే, బాబాయి ప్యాడ్ రబ్బరు మీద తాకినప్పుడల్లా ఒకప్పటి తన దెబ్బే స్పీకర్లో మోగుతుంది.

"ఇంట్ల పప్పుగుత్తి పట్టరాదు గని, శనివారం భజనకు పోతడట," అంది పిన్ని.

"పప్పు నువ్వు రుద్దు, తాళం నేనేస్త," అన్నారు బాబాయి. అన్ని నెలల తరువాత ఆ గొంతులో వేళాకోళం విన్నాను.

ఇంట్లో వాయించి చూస్తే శబ్దాలు కుదరలేదు. వెంట మోగే తాళాల చప్పుడు ప్యాడ్‌లో ముందే ఉన్నది, దాంట్లోంచే వస్తుంది; డోలక్ ల్యాప్‌టాప్‌లోంచి వస్తుంది. తాళాలు చెవులు గింగుర్లెత్తిస్తుంటే, డోలక్ ఎక్కడో పక్కవీధిలో వాయించినట్టుంది. ప్యాడ్ వాల్యూం తగ్గించాను, ల్యాప్‌టాప్‌ది పెంచాను. అయినా లాభం లేదు. తప్పు వాల్యూంలో లేదు. చిన్నగా తాకితే సాఫ్ట్‌వేర్ చిన్న దెబ్బనే తీసి ఇస్తుంది, గట్టిగా తాకితేనే పెద్దది. బాబాయి చేతికి బలం లేదు, కాబట్టి వేలికొస చప్పుళ్ళే వస్తున్నాయి.

తాకిడికీ మోతకూ ఉన్న ఆ లంకెను తెరమీద ఒక ఏటవాలు గీతగా చూపిస్తారు. శనివారం పొద్దున నేనొక్కదాన్నే కూర్చుని, ఆ గీతను పైకి జరిపి అడ్డంగా పడుకోబెట్టాను. ఇక ఎలా తాకినా పెద్ద దెబ్బే. బాబాయికి చెప్పలేదు. మీ చేయి చాలడం లేదని ఎలా చెప్పను?

సాయంత్రం మొదటి పాటకే మందిరంలో అందరూ వెనక్కి తిరిగి చూశారు. "వారెవ్వా, చెయ్యి వచ్చేసింది," అన్నారెవరో. బాబాయి మొహం వెలిగిపోయింది. నేను మనసులోనే దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

రెండో పాట నెమ్మదైనది. చరణంలో ఒక ముసలావిడ గొంతు ఒంటరిగా పైకి వెళ్ళింది. బాబాయి అలవాటుగా తల వంచి, చేయి తేలిక చేశారు. డోలక్ తగ్గలేదు. ఇంకా తేలిక చేశారు. అదే మోత. చివరికి వేలు ఊరికే ఆనించారు. అది కూడా దబ్బున మోగి, ఆవిడ గొంతును కప్పేసింది. ఆయన చేయి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. మళ్ళీ వాయించలేదు.

మెట్లు దిగుతూ నా భుజం పట్టుకుని, "చేతికి తెలుస్తలేదు బిడ్డా. చిన్నగ కొడ్తున్న అనుకుంటున్న, గట్టిగ పడుతున్నది. ఇగ చాలు," అన్నారు.

అప్పుడు చెప్పాల్సింది. చేయి మంచిదే, గీత జరిపింది నేనని ఒక్క మాట. దానికి బదులు, "మెషీన్ కొత్తది కదా బాబాయ్, అలవాటవుతుంది," అన్నాను. మెషీన్ ఏ తప్పూ చెయ్యలేదు.

ఆ వారమే బాబాయి తన డోలక్‌ను మందిరానికి ఇచ్చేశారు. బంతి నొక్కడం మానేశారు. పిన్ని మొత్తుకున్నా, "తెలువని చెయ్యికి ఎంత నేర్పినా ఏం ఫాయిదా" అనేవారు. పూజలో కూర్చుంటే ఆ మాటే వినిపించేది. అయినా చెప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది.

చెప్పినప్పుడు ఆయన తన వేళ్ళకేసి చూశారు. అప్పటికి అవి మళ్ళీ లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి.

"అంటే, గా రోజు నేను చిన్నగనే కొట్టిన్నా?"

"చాలా చిన్నగా కొట్టారు బాబాయ్. సరిగ్గా ఎంత కావాలో అంతే."

"గప్పుడే చెప్తే తిడుతుంటి," అన్నారు. "తిట్టి, మళ్ళ వాయిస్తుంటి. గంతే కద బిడ్డా."

పిన్ని లోపలికి వెళ్ళి, అలమార కింద ఎక్కడో దొర్లిపోయిన బంతిని వెతికి తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన దాన్ని పట్టుకోలేకపోయారు.

ఆ మరునాడు ప్యాడ్ తీసుకువెళ్ళాను. ఆయన చూస్తుండగానే గీతను మళ్ళీ ఏటవాలుగా చేసి, ప్యాడ్‌ను ఆయన ముందు పెట్టాను. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి ప్యాడ్ మీద వేసుకున్నారు. చాలాసేపటికి ఒక వేలు కదిలింది. ఫ్యాన్ చప్పుడులో ఏమీ వినబడలేదు. నా చేయి అలవాటుగా వాల్యూం దగ్గరకు పోయింది. వెనక్కి తీసుకుని, లేచి ఫ్యాన్ ఆపాను.