వాగు దాటేటప్పుడు ఎవరి మాట వినాలి

నాకు నోరు ఎక్కువ. ఈ మాట మా ఆశా కార్యకర్త అంటుంది. ఆమె అంటే నాకు కోపం రాదు, ఎందుకంటే ఆమెది ఇంకా పెద్ద నోరు. సిరోంచ తాలూకా అడవి ఊళ్ళలో నర్సుగా తిరగాలంటే మందులపెట్టె ఒక్కటే చాలదు, గొంతు కూడా ఉండాలి.

ఆ వానాకాలం జింగనూర్ అవతలి ఊళ్ళో ఒకామెకు నొప్పులు మొదలయ్యాయని కబురొస్తే ఇద్దరం పరుగెత్తాం. పోయినేడు ఆమె తొలి బిడ్డ నా చేతుల్లోనే పోయింది. ఈసారి కడుపు మీద గొట్టం పెట్టి వింటే బిడ్డ గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది. వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. అంబులెన్సేమో వాగు అవతలి ఒడ్డునే ఆగిపోయింది, వాగు నడుము లోతు పారుతోంది. నాకు చెమటలు పట్టాయి. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని ఇంకా గట్టిగా అరవడం మొదలుపెట్టాను.

మంచానికి తాళ్ళు కట్టి, బొంగుకు వేలాడదీసి, నలుగురు భుజానికెత్తుకున్నారు. అందరికంటే ముందు ఆమె మామ, అరవై దాటిన మనిషి. నేను వెనక నడుస్తూ, “ఎడమకు జరుగుండ్రి, మెల్లగ, జల్దీ” అంటున్నాను. మెల్లగ, జల్దీ రెండూ ఒకే ఊపిరిలో అన్నానట. ఆశా ఇప్పటికీ ఇది చెప్పి మీటింగుల్లో నవ్విస్తుంది.

వాగు నడుమ వెనకవాళ్ళు నా మాట విని ఎడమకు జరిగారు, ముందువాళ్ళు ముసలాయన మాట విని కుడికి జరిగారు. మంచం ఒరిగి, ఆమె కాళ్ళు నీళ్ళలో మునిగాయి.

ముసలాయన ఆగాడు. వెనక్కి కూడా తిరగలేదు. “నర్సమ్మా, వాగుల డోలీ మోసేటప్పుడు ముంగట ఉన్నోడే మాట్లాడాలె. నీళ్ళ కింద ఏమున్నదో వాని కాలుకే ఎరుక. నువ్వు చెప్తనంటే ముంగటికి రా. లేకుంటే జర నోరు మూసుకో.”

ఇన్నేళ్ళ నౌకరీలో నన్ను నోరు మూసుకోమన్నవాళ్ళు లేరు, మా ఆయనతో సహా.

“మరి నేనేం చెయ్యాలె బాపూ?” అన్నాను.

“పిల్ల చెయ్యి పట్టుకో. గంతే.”

పట్టుకున్నాను. ఆ తర్వాత వాగులో ఆయన గొంతు ఒక్కటే. “రాయి.” “గుంత.” “ఆగుండ్రి.” కాసేపటికి చూస్తే, నొప్పులు పడుతున్న ఆ పిల్లే నా చెయ్యి నొక్కి, “ఒడ్డు వచ్చింది నర్సమ్మా, భయపడకు” అంటోంది. సిగ్గేసింది. ధైర్యమూ వచ్చింది.

అంబులెన్సు రెండు మలుపులు తిరిగిందో లేదో బిడ్డ బయటపడింది. ఏడవలేదు. ముసలాయన బండి మూలన ముడుచుకుని నా ముఖమే చూస్తున్నాడు. ఇప్పుడు ముంగట ఉన్నది నేను.

“బండి ఆపు భాయ్” అన్నాను డ్రైవర్‌తో. “బట్ట ఇయ్యి” అన్నాను ఆశాతో. గొంతు పెంచలేదు. ఒళ్ళు తుడిచాను, వీపు రుద్దాను, ముఖానికి మాస్కు పెట్టి బ్యాగు నొక్కుతూ ఊపిరి అందించాను. ఎంతసేపో నాకు తెలియదు. బిడ్డ ఒక్కసారి దగ్గి, కెవ్వుమంది.

తల్లి తల ఎత్తింది. “ఇది బతుకుతది గదా నర్సమ్మా?”

“బతుకుతది. ఏడుపు ఇనబడతలేదా?” అన్నాను, నేనే బోరున ఏడుస్తూ.